గోల్డ్ కార్డు కోసం ఇంకో ప్రయాణం చెయ్యాలా? మైళ్లు, అప్‌గ్రేడ్ల మీద నా లెక్క

మీరు అడిగింది ఇదీ: ఏడాదికి నాలుగైదు దూర ప్రయాణాలు చేస్తారు. ఒకే ఎయిర్‌లైన్‌లో, తరచూ ఎగిరేవాళ్లకి ఇచ్చే సిల్వర్ కార్డు ఉంది, ఖాతాలో 84,000 మైళ్లు (ప్రయాణాలకి ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) ఉన్నాయి. గోల్డ్‌కి ఇంకొక్క రానుపోను ప్రయాణం తక్కువైంది. పనేమీ లేకపోయినా డిసెంబర్‌లోపు ఒకసారి వెళ్లొస్తే కార్డు వస్తుంది, కార్డు వస్తే బిజినెస్ క్లాస్‌కి అప్‌గ్రేడ్లు వస్తాయి కదా, చెయ్యమంటారా వద్దా అని.

వద్దండి. అప్‌గ్రేడ్ కోసమైతే అస్సలు వద్దు. కాకపోతే గోల్డ్ కార్డు వల్ల వేరే లాభం ఒకటుంది, దాని గురించి చెప్తాను. అది మీకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

ముందు నా సంగతి. ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్లకు పైగా విమానాల్లో తిరిగాను. అందులో పదకొండేళ్లు గోల్డో, అంతకు పైదో ఏదో ఒక కార్డు నా దగ్గర ఉంది. మీరు ఇప్పుడు చేద్దామనుకుంటున్న పని నేను రెండుసార్లు చేశాను. ఒకసారైతే వెళ్లిన చోట ఎయిర్‌పోర్టు దాటి బయటికి కూడా రాకుండా, మూడు గంటలు కూర్చుని అదే విమానంలో వెనక్కొచ్చాను. శుభ్రం చేసేవాళ్లు దిగిపోయాక మళ్లీ ఎక్కితే, పొద్దున నన్ను చూసిన ఎయిర్ హోస్టెస్ "ఏమైనా మర్చిపోయారా సార్?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.

అప్పట్లో ఆ పిచ్చికి ఒక అర్థం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ పథకాల పుట్టుక కొంచెం చూడాలి.

అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అందరూ ధరలు తగ్గించి పోటీపడటం మొదలుపెట్టారు. ప్రయాణికుణ్ని పట్టి ఉంచుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో అడ్వాంటేజ్ అనే పథకం పెట్టింది. వారం తిరక్కుండానే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కూడా మైలేజ్ ప్లస్ మొదలుపెట్టింది. లెక్క సులువు. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో పడతాయి. విమానం ఎలాగూ బయల్దేరుతుంది, ఖాళీగా పోయే సీటు పాత కస్టమర్‌కి ఇస్తే కంపెనీకి పెద్దగా ఖర్చు లేదు, కస్టమర్‌కి మాత్రం పండగ. ముందు క్యాబిన్, అంటే బిజినెస్, ఫస్ట్ క్లాస్ ఉండే భాగం కూడా అంతే. అక్కడ సీట్లు అమ్ముడుపోయేవి తక్కువ, మిగిలినవి కార్డులున్నవాళ్లకి పంచేవాళ్లు.

దూరం మీద లెక్క కాబట్టి జనం కూడా దాన్ని బాగానే పిండుకున్నారు. 1999లో అమెరికాలో ఒక ఇంజనీర్, పుడ్డింగ్ కప్పుల మీద మైళ్లు ఇచ్చే ఆఫర్ చూసి 12,000 పైచిలుకు కప్పులు కొన్నాడు. ఖర్చు మూడు వేల డాలర్ల పైన. వచ్చినవి దాదాపు 12.5 లక్షల మైళ్లు. లేబుళ్లు చించి పెట్టే పనికి మనుషులు కావాలి కాబట్టి కప్పులన్నీ ఒక సేవా సంస్థకి ఇచ్చేసి, వాళ్లతో లేబుళ్లు తీయించుకున్నాడు. విరాళం కింద పన్ను మినహాయింపు కూడా తీసుకున్నాడు. ఇలాంటి కథలు విని మనం కూడా ఏదో సాధించేద్దాం అనుకుంటాం. ఆ తలుపులు మూసి చాలా కాలమైంది.

మూసింది ఎలాగంటే, దూరం లెక్క పోయి డబ్బు లెక్క వచ్చింది. అమెరికా ఎయిర్‌లైన్లలో డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో మారాయి. ఎంత దూరం ఎగిరారన్నది పక్కన పెట్టి, టికెట్ మీద ఎంత కట్టారో చూసి మైళ్లు ఇవ్వడం మొదలైంది. మొదట్లో మామూలు సభ్యుడికి డాలర్‌కి 5 మైళ్లు, అన్నిటికంటే పై కార్డు ఉన్నవాడికి 11. డెల్టా 2015లోనే, ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్లు కావాలో చెప్పే పట్టిక కూడా తీసేసింది. 2019లో యునైటెడ్ కూడా తీసేసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్‌లో కార్డుల అర్హతనే ఖర్చు మీదికి మార్చింది, పౌండుకి ఒక పాయింటు, గోల్డ్‌కి 20,000 పాయింట్లు. సొంత డబ్బుతో ఎకానమీలో తిరిగేవాడు ఆ మాట విని నవ్వుకోవాల్సిందే. ఇంకా దూరాన్ని లెక్కలోకి తీసుకునే పథకాలు కొన్ని ఉన్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో కార్డుకి కావలసిన మైళ్లు ఇప్పటికీ దూరాన్ని, టికెట్ రకాన్ని బట్టే వస్తాయి. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

అప్‌గ్రేడ్ల దగ్గర ఇంకా పెద్ద మార్పు వచ్చింది. ముందు సీట్లు అమ్మడం వాళ్లు నేర్చుకున్నారు. డెల్టా యాజమాన్యమే చెప్పిన లెక్క ప్రకారం, 2010 ప్రాంతంలో వాళ్ల దేశీయ ఫస్ట్ క్లాస్‌లో డబ్బు పెట్టి కొనేవి పదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు చాలా భాగం కొనేవే. మరి ఉచితంగా ఇవ్వడానికి ఏం మిగులుతుంది? మిగిలిన దాని కోసం క్యూలో ఎంతమంది?

ఇది కాగితం మీద అర్థం కాదు, గేటు దగ్గర నిలబడితే అర్థమవుతుంది. నా చివరి గోల్డ్ ఏడాదిలో ఒక రోజు. ముందు రోజు చెక్ ఇన్ తెరిచేసరికి బిజినెస్‌లో 7 సీట్లు ఖాళీ. అప్‌గ్రేడ్ జాబితాలో నాది ఆరో పేరు. వచ్చేసినట్టే అనుకున్నాను. పొద్దున లేచి చూస్తే 4 సీట్లు, నేను ఇంకా ఆరులోనే. అంటే నా పైవాళ్లకి ఇవ్వలేదు, సీట్లు మాత్రం తగ్గాయి. గేటు దగ్గరికొచ్చేసరికి ఖాళీ ఒకటి, జాబితాలో 27 పేర్లు. బోర్డింగ్ మొదలయ్యాక ఆ ఒక్కటీ పోయింది. నా వెనక నిలబడ్డ కుర్రాడు ఫోన్ చూసుకుంటూ "భలే చవగ్గా వచ్చింది" అని పక్కనున్న అమ్మాయికి చూపిస్తున్నాడు. యాప్‌లో పొద్దున్నే ఆఫర్ వచ్చిందట, నొక్కాడట, అయిపోయింది. అతనికి ఏ కార్డూ లేదు. నన్ను దాటి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను పదకొండేళ్ల విధేయతతో మధ్య సీట్లో కూర్చున్నాను.

ఆ కుర్రాడి మీద కోపం లేదు. నిజానికి తెలివైన పని చేసింది అతనే. నేను మొత్తం ఏడాది ఆ ఎయిర్‌లైన్ టికెట్ పక్కవాడి కన్నా ఎక్కువైనా సరే అని కొన్నది ఎంతో, అతను ఆ ఒక్క సీటుకి కట్టింది ఎంతో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

ఇంకో మాట. సూటు వేసుకుని, కౌంటర్ దగ్గర నవ్వుతూ, పెళ్లిరోజని చెప్తే అప్‌గ్రేడ్ ఇస్తారని వీడియోల్లో చెప్తుంటారు. కౌంటర్‌లో ఉన్నవాళ్ల చేతిలో ఉండేది చాలా తక్కువ. ఎకానమీలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మినప్పుడు కొందర్ని ముందుకి పంపక తప్పదు. అప్పుడు కూడా సిస్టమ్‌లో జాబితా ఉంటుంది, కార్డు స్థాయి, టికెట్ రకం చూసి వరుస కడుతుంది. చొక్కా ఇస్త్రీ చేసిందా లేదా అన్న గడి అందులో లేదు.

టికెట్ రకం అన్నాను కదా, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీ టికెట్‌లో ఫ్లైట్ నంబర్ పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎకానమీ అంటే ఒకటే కాదు, పదో పన్నెండో రకాలు. వై అంటే పూర్తి ధర. మిగతా అక్షరాలు కింద కింద ధరలు, ఏ అక్షరం ఏ మెట్టో ఒక్కో ఎయిర్‌లైన్‌లో ఒక్కోలా ఉంటుంది. లైట్, బేసిక్ అనే పేర్లతో వచ్చే చవక టికెట్లలో చాలావాటికి మైళ్లతో కూడా అప్‌గ్రేడ్ చేసుకునే అర్హత ఉండదు, కొన్నిటికి మైళ్లే రావు. "నా దగ్గర మైళ్లున్నాయి, ముందు చవక టికెట్ కొని తర్వాత అప్‌గ్రేడ్ చేసుకుంటా" అనుకునేవాళ్లు టికెట్ కొన్నాక నన్ను అడుగుతారు. అప్పటికి చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

మరి ఈ కంపెనీలు ఇన్ని మార్పులు చేసి కూడా పథకాలు ఎత్తెయ్యడం లేదెందుకు? ఎందుకంటే అసలు వ్యాపారం అదే అయి కూర్చుంది. మైళ్లని వాళ్లు బ్యాంకులకి అమ్ముతారు. బ్యాంకులు క్రెడిట్ కార్డు వాడేవాళ్లకి పంచుతాయి. 2024లో డెల్టాకి క్రెడిట్ కార్డు సంస్థ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది 700 కోట్ల డాలర్ల పైనే. 2020 జూన్‌లో విమానాలు చాలావరకు నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ 500 కోట్ల డాలర్ల అప్పుకి మైలేజ్ ప్లస్ పథకాన్ని తనఖా పెట్టింది. ఆ పథకం విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. ఆ సమయంలో స్టాక్ మార్కెట్‌లో యునైటెడ్ కంపెనీ మొత్తం విలువ అంతకంటే చాలా తక్కువ. అంటే విమానాలూ గేట్లూ అన్నీ కలిపి చూసినదానికంటే మన ఖాతా పుస్తకమే ఖరీదు.

అందుకే మైలు అనేది బహుమానం కాదు, ఒక కరెన్సీ అనుకోండి. నోట్లు ముద్రించేది వాళ్లే, ధరలు పెట్టేది వాళ్లే, రేపు పొద్దున ఒక మెయిల్ పంపి విలువ తగ్గించేదీ వాళ్లే. నేను బిజినెస్ క్లాస్‌లో ఒక పెద్ద ప్రయాణం కోసం మూడేళ్లు కూడబెట్టిన మైళ్లున్నాయి. కావలసినదానికి ఇంకో 6,000 తక్కువున్నప్పుడు ధర మార్చారు. రాత్రికి రాత్రి 6,000 కాస్తా 45,000 అయింది. అడిగితే నిబంధనల్లో ఫలానా చోట రాసి ఉందన్నారు. నిజమే, రాసి ఉంది.

మీ 84,000 సంగతి ఇప్పుడు చూద్దాం. దాచకండి, వాడెయ్యండి. ముందు గడువు చూడండి. క్రిస్‌ఫ్లయర్‌లో మూడేళ్లకి పోతాయి. అమెరికన్‌లో 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పోతాయి. డెల్టా, యునైటెడ్‌లలో గడువు లేదు, కానీ విలువ కరగడానికి గడువు అక్కర్లేదని పైన చెప్పాను.

వాడేటప్పుడు ఒక చిన్న లెక్క వెయ్యండి. ఏ దేశపు డబ్బయినా సరే, టికెట్ నగదుకి 60,000 ఉందనుకోండి. అదే సీటు మైళ్లతో 40,000 మైళ్లు, పైన పన్నులు, సర్‌ఛార్జీలు కలిపి 22,000 కట్టమంటున్నారు. అంటే 40,000 మైళ్లు మీకు మిగిల్చింది 38,000. మైలు విలువ ఒకటి కూడా కాలేదు, 0.95. డబ్బుతో కొంటే వచ్చే మైళ్లు కూడా పోయాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. ఇలా మూడు నాలుగు ప్రయాణాలకి వేసి చూస్తే మీ పథకంలో మామూలు విలువ ఎంతో మీకే తెలుస్తుంది. ఇక దానికంటే బాగా ఎక్కువ వచ్చినప్పుడే వాడండి. నా అనుభవంలో అలా వచ్చేవి రెండు. ఒకటి, దూర ప్రయాణంలో బిజినెస్ క్లాస్ తక్కువ మైళ్ల కోటాలో దొరికినప్పుడు. రెండోది, రేపో ఎల్లుండో వెళ్లాల్సి వచ్చి, నగదు ధర మండిపోతున్నప్పుడు. మా నాన్నగారికి బాగాలేదని కబురొచ్చిన రాత్రి నేను వాడింది ఈ మైళ్లే. నగదు ధర మామూలుకి మూడింతలుంది, మైళ్ల ధర మాత్రం కదల్లేదు. సూట్‌కేసులకీ హెడ్‌ఫోన్లకీ మాత్రం మైళ్లు మార్చకండి, అక్కడ ఇచ్చేది అన్నిటికంటే తక్కువ. ఆఫర్ ఉందని మైళ్లు డబ్బు పెట్టి కొనడం కూడా, కావలసిన సీటు స్క్రీన్ మీద కనిపిస్తూ కొద్దిగా తక్కువైతే తప్ప, వద్దు.

అప్‌గ్రేడ్ కావాలంటే ఎలా మరి? కొనుక్కోవడమే. సిగ్గు పడాల్సిందేమీ లేదు. టికెట్ కొన్నాక, చెక్ ఇన్ అప్పుడు, చివరి రోజు, మూడుసార్లు ధర చూడండి, మారుతూ ఉంటుంది. ఒక్కోసారి మొదట్లోనే నేరుగా బిజినెస్ టికెట్ కొంటే, ఎకానమీ కొని తర్వాత పైకి వెళ్లడం కంటే చవకవుతుంది. ముందు అది చూడాలి. నేనే రెండుసార్లు చూడకుండా మోసపోయాను, కాదు, నన్ను నేనే మోసం చేసుకున్నాను.

అప్‌గ్రేడ్ కొనడానికి వేలం పద్ధతి కూడా ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రయాణానికి కొన్ని రోజుల ముందు "మీ ధర చెప్పండి" అని మెయిల్ వస్తుంది. లింక్ నొక్కితే ఒక మీటర్, ఎంత పెంచితే ముల్లు అంత ఆకుపచ్చ వైపు వెళ్తుంది. ఆ ముల్లుని నమ్మకండి, అది మనల్ని ఎగదోయడానికే. అక్కడ కనిపించే మొత్తం ఒక మనిషికి, ఒక ఫ్లైట్‌కి. నేనూ మా ఆవిడా ఒకే బుకింగ్‌లో ఉన్నాం, నేను చూసిన అంకె ఇద్దరికీ కలిపి అనుకున్నాను. కార్డు మీద రెట్టింపు పడింది. పైగా మాకు రెండు ఫ్లైట్లు. పది గంటల రాత్రి ప్రయాణానికి వేసిన వేలం పోయింది, గంటన్నర కనెక్షన్‌కి వేసింది గెలిచింది. ఆ గంటన్నరలో సీటు వెనక్కి వాల్చేలోపు దిగిపొమ్మన్నారు. అంటే, చిన్న ఫ్లైట్‌కి వెయ్యకండి. ఎకానమీలో కాళ్లు చాపుకునే సీటుకి ముందే డబ్బు కట్టి ఉంటే, వేలం గెలిచాక అది తిరిగి ఇస్తారో లేదో చదవండి. చాలాచోట్ల ఇవ్వరు. మైళ్లు కూడా మామూలుగా పాత టికెట్ లెక్కనే వస్తాయి, లాంజ్ (ఎయిర్‌పోర్టులో విడిగా కూర్చునే గది) ఉంటుందో ఉండదో ఎయిర్‌లైన్‌ని బట్టి. ఇవన్నీ చూసుకున్నాక, ముందు క్యాబిన్ సీట్ల పటంలో సగం ఖాళీగా ఉంటే, కనీస ధరకి కొద్దిగా పైన వేసి ఊరుకోండి. వస్తే సరే, లేకపోతే కొన్న సీటు ఎలాగూ ఉంది.

ఇక గోల్డ్ కార్డు వల్ల నిజంగా ఉన్న లాభం. అది పరిస్థితి బాగున్న రోజు కనిపించదు. ఒక శీతాకాలం రాత్రి మంచు పడి కనెక్షన్ ఫ్లైట్ రద్దయింది. కౌంటర్ ముందు రెండు వందల మంది దాకా ఉన్నారు. నేను తోక చివర నిలబడి గోల్డ్ సభ్యుల నంబర్‌కి ఫోన్ చేశాను. పదకొండో నిమిషంలో పొద్దున్నే వెళ్లే భాగస్వామి ఎయిర్‌లైన్‌లో సీటు ఇచ్చారు. నా ముందున్న పిల్లల తల్లి ఆ సీటు అడిగే వరస వచ్చేసరికి ఏ టైమయి ఉంటుందో నాకు తెలియదు. ఆ ఏడాది కార్డు నాకు చేసిన మేలు అదొక్కటే. కానీ అది చిన్న మేలు కాదు. బ్యాగు అదనంగా తీసుకెళ్లడం, ముందు వరస క్యూ, లాంజ్‌లో కాస్త కూర్చోవడం కూడా ఉన్నాయి. ఏడాదికి పాతిక ముప్పై ఫ్లైట్లు తిరిగేవాడికి ఇవన్నీ కలిపితే పెద్ద సుఖమే. మీకు ఏడాదికి పదికి అటూఇటూగా అవుతాయి. లాంజ్ రోజు పాసు కొనుక్కోవచ్చు, బ్యాగుకి కట్టొచ్చు. అన్నీ కలిపినా మీరు చేద్దామనుకుంటున్న ఆ ఉత్త ప్రయాణం ఖర్చులో సగం ఉండకపోవచ్చు, వేసి చూడండి.

ఒక విషయం మర్చిపోకండి. చట్టం ఇచ్చే హక్కులకి కార్డుతో పనిలేదు. విమాన ప్రయాణికుల హక్కుల మీద యూరోపియన్ యూనియన్ పెట్టిన నిబంధన 261 కింద, కొన్న క్లాసు కంటే కింది క్లాసులో కూర్చోబెడితే దూరాన్ని బట్టి టికెట్ ధరలో 30, 50 లేదా 75 శాతం వెనక్కి ఇవ్వాలి. సిల్వరా గోల్డా అని అందులో లేదు. అడిగినవాళ్లకి వస్తుంది, అడగనివాళ్లకి గుర్తుచేసి ఇచ్చేవాళ్లు తక్కువ.

టికెట్ డబ్బు ఎవరిదన్న ప్రశ్న మీరు రాయలేదు, కానీ జవాబంతా దాని మీదే ఉంది. కంపెనీ డబ్బుతో తిరిగేవాడికి విధేయత ఉచితం. నా పదకొండేళ్లూ అలాంటివే, ఒప్పుకోవాలి. కాస్త ఎక్కువైనా నా ఎయిర్‌లైన్‌నే ఎంచుకునేవాణ్ని, తేడా ఆఫీసు భరించేది, మైళ్లు నాకు వచ్చేవి. సొంత డబ్బు పెట్టడం మొదలయ్యాక ఒక్క ఏడాదిలో నా విధేయత ఎగిరిపోయింది. మీరు కూడా మొదట టైమింగు, నేరుగా వెళ్లే ఫ్లైటు, ధర ఈ మూడూ చూడండి. అవి సమానంగా ఉంటేనే మైళ్లు చూడండి.

మీరు తరచూ వెళ్లే దారిలో ఒకే కూటమికి చెందిన ఎయిర్‌లైన్లు రెండు మూడు ఉంటే మాత్రం ఒక పని చెయ్యొచ్చు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్, ఈ మూడు కూటముల్లో ఏదైనా సరే, ఎగిరేది ఒకరిలో అయినా మైళ్లు జమ చేసుకునేది ఇంకొకరిలో చెయ్యొచ్చు. ఒకరి దగ్గర మైలే రాని టికెట్‌కి ఒక్కోసారి ఇంకొకరు కొన్నైనా ఇస్తారు. గోల్డ్ లాంటి పై కార్డులకి లాంజ్, అదనపు బ్యాగు లాంటివి చాలావరకు కూటమి మొత్తంలో చెల్లుతాయి. ఉచిత అప్‌గ్రేడ్లు మాత్రం చాలావరకు సొంత విమానాల్లోనే. అందుకే బుక్ చేసే ముందు ఆ ఇంగ్లీషు అక్షరం చూసి, ఏ ఖాతా నంబర్ వెయ్యాలో అప్పుడే నిర్ణయించుకోండి. జమ అయిపోయిన మైళ్లని ఒక పథకం నుంచి ఇంకో పథకానికి మార్చుకోవడం మామూలుగా కుదరదు.

డిసెంబర్ ప్రయాణం మానేసి ఆ డబ్బు పక్కన పెట్టండి. వచ్చే ఏడాది మీ నాలుగైదు ప్రయాణాల్లో అన్నిటికంటే పొడవైన రాత్రి ఫ్లైట్ ఏదో చూసి, దానికి ఒక్కదానికి అప్‌గ్రేడ్ కొనుక్కోండి. ఈలోపు 84,000 మైళ్లతో ఏం దొరుకుతుందో ఈ వారమే వెతకండి. మూడు నాలుగు తేదీలు, దగ్గర్లోని రెండో ఎయిర్‌పోర్టు కూడా పెట్టి చూడండి. ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయడానికి రోజులు పడుతుంది, సీటు అప్పటిదాకా ఆగదు.